సోములమ్మ రాసిన తరుగు

సోములమ్మకు తెలిసిన మంచు వేరు. పనసపుట్టులో మంచంటే పొద్దున్నే కళ్లకు అడ్డంపడే తెల్లటి పొగ. తొమ్మిది దాటితే పోతుంది, దాని మీద ఎవరూ నిలబడలేరు. గట్టి మంచును ఆమె శుక్రవారం సంతలో పుల్లైసు డబ్బాలో తప్ప ఎక్కడా చూడలేదు. అయినా ఆ గట్టి మంచు మీద, బూట్ల కింద కత్తులు బిగించుకుని తిరిగే ఆటకు మార్కులు వేసే జడ్జీల్లో నూటికి ఎనభై మందికి కన్ను లేదని ఆమె నమ్మకం. మిగతా ఇరవై మందికి కన్నుంది గానీ సిగ్గు లేదట.

ఈ మాట వినగానే కొందరికి గొంతు పూడుకుపోతుంది. కొండల్లో పుట్టిన ఆడమనిషి, మంచుగడ్డ మీద కాలు పెట్టని మనిషి, మంచు ఆటను ప్రేమించిందట, ఆహా, కళకు హద్దుల్లేవు, అని మొదలుపెడతారు. ప్రేమ సంగతి పక్కన పెట్టండి. ఆ ఆట చూసినంతసేపూ సోములమ్మ తిడుతూనే ఉంటుంది. ఆమెకు నచ్చినవి గౌన్లు కావు, సంగీతం అంతకన్నా కాదు. తప్పుకు ఇంత అని కోసే ఆట ఒకటి లోకంలో ఉందని తెలియడం నచ్చింది. ఎందుకంటే ఆమె బతుకంతా చేస్తున్నదీ అదే పని.

నలభై ఆరేళ్ల మనిషి. ఏడో తరగతి దాకా చదివింది. భర్త సోంబరు మెట్ట సాగు చేస్తాడు, పండగలకు డప్పు కొడతాడు. ఆమె పదకొండేళ్లుగా ఊరి పక్కనున్న రైతు సంఘం షెడ్డులో కాఫీ గింజలు చూస్తోంది. చూడటం అంటే అక్షరాలా చూడటమే. చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఎండబెట్టి పొట్టు తీసిన గింజలు సంచుల్లో తెస్తారు. ఒక్కో సంచిలోంచి రెండు గుప్పెళ్లు తీసి గుడ్డ మీద పరుస్తుంది. నల్లబడినవి, విరిగినవి, పురుగు తొలిచినవి చూపుడువేలితో పక్కకు నెడుతుంది. నెట్టినవాటిని లెక్కపెట్టి ఆ అంకె సంచి మీద సుద్దతో రాస్తుంది. దాని పేరు తరుగు. సున్నా వస్తే రైతు ఊరంతా చెప్పుకుంటాడు. నాలుగూ అయిదూ మామూలు. పన్నెండు దాటితే సంచి తిరిగి ఇంటికే.

సంచి ఎవరిదైనా అంకె మారదు. ఒక ఏడాది సోంబరు సంచి మీదే పద్నాలుగు రాసింది. ఆయన దాన్ని మళ్లీ భుజానికెత్తుకుని, వరసలో నిలబడ్డ వాళ్లందరి ముందునుంచీ ఇంటికి నడిచాడు. రెండు రోజులు పెళ్లాంతో మాట్లాడలేదు గానీ, ఆ రోజు నుంచి సోములమ్మ అంకెను ఎవరూ రెండోసారి లెక్కపెట్టమనలేదు. లింబగుడ ఫల్గుణ అని ఒకాయన ఉన్నాడు. సంతలో తక్కెడను మూడుసార్లు తిప్పి చూసే రకం, కొడుకు చెప్పిన లెక్క కూడా నమ్మడు. ఆయన కూడా ఆమె ముందు సంచి దింపి, "రాసీ సోములమ్మా" అని బీడీ ముట్టించుకుని అటు తిరిగి కూర్చునేవాడు. ఫల్గుణ అలా అటు తిరిగి కూర్చోవడమే ఆమె సంపాదన. అంతకు మించి సంపాదించింది ఏమీ లేదు.

మంచు ఆట ఆమె కంటబడటానికి కారణం డాలీ. ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. చింతూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చింది. ఊళ్లో సిగ్నలు దొరికేది బడి పక్కన నీళ్ల ట్యాంకు మెట్ల మీదే. ఆదివారం చర్చి అయ్యాక డాలీ అక్కడ కూర్చుని ఫోనులో స్కేటింగు చూసుకునేది. ఒక ఆదివారం చింతపండు ఇవ్వడానికి వచ్చిన సోములమ్మ ఆమె భుజం మీదుగా తొంగిచూసింది.

"టీచరమ్మా, ఆ గుంట పూర్తిగా తిరగలేదు."

"మూడు చుట్లు తిరిగిందక్కా. కామెంటరీలో చెప్తున్నారుగా."

"ఆళ్లు ఏటైనా సెప్పనీ. రెండు సుట్లూ ముప్పావు. మిగిలిన పావు కిందికొచ్చీసినాక తిప్పింది. దొంగ తిప్పుడు."

డాలీ నవ్వింది. ఈలోగా తెర మూలన ఆ గంతు పక్కనున్న చిన్న పెట్టె పసుపు రంగుకు మారింది, అంటే జడ్జీలకు అనుమానం. మళ్లీ నెమ్మదిగా చూపించారు. బూటు కత్తి మంచును తాకేసరికి పాదం ఇంకా పక్కకే ఉంది. పావు చుట్టు తక్కువ. మార్కులు కోశారు.

"సూసినావా?" అంది సోములమ్మ. చింతపండు మూట మెట్టు మీద పెట్టి కూర్చుంది. మూడేళ్లయింది, ఆ మెట్టు ఖాళీ చేయలేదు.

ఆ ఆటలో మార్కులు రెండు ముక్కలు. ఒకటి పనికి: ఎన్ని చుట్లు తిరిగింది, ఎలా దిగింది, పడిందా. రెండోది అందానికి: పాటలో ఎంత ఇమిడింది, చేతులు ఎంత పలికాయి. మొదటి ముక్క సోములమ్మది, రెండోది డాలీది. డాలీకి ఇష్టమైన ఎర్రగౌను అమ్మాయి ప్రతి పోటీలోనూ ఒక్కసారైనా పడేది. పడి లేచి, చేతులు అలా చాచేసరికి డాలీకి కళ్లు చెమర్చేవి.

"ఆ చేతులు చూడక్కా, కథ చెప్తున్నాయి."

"నడుం మీద పడిపోనాక ఇంకా కత ఏటి?"

"పడటం కూడా కథలో భాగమే."

"అయితే మన సురేంద్ర బండి మీంచి పడ్డప్పుడు మార్కులెయ్యలేదేటి? ఆడి చేతులూ బాగానే సాచాడు."

ఇలా. ఫోను చార్జింగు అయిపోయే దాకా.

తర్వాత డాలీ ఆమెను ఫోనులో స్కేటింగు అభిమానుల తెలుగు గ్రూపులో చేర్చింది. హైదరాబాదు, విశాఖ, బెంగుళూరు జనం, రెండొందల మంది. సోములమ్మ టైపు చేయదు, గొంతు పంపిస్తుంది. మొదటి వారం అందరూ మురిసిపోయారు. అరకు అక్క అని పేరు పెట్టారు. చేతులు జోడించిన బొమ్మలు కుప్పలుగా పెట్టారు. ఎంత స్వచ్ఛమైన చూపు అన్నారు. రెండో వారం ఆ స్వచ్ఛమైన చూపు వాళ్ల అభిమాన రాణి గంతు పావు చుట్టు తక్కువని చెప్పింది. "నువ్వు కాఫీ గింజలు ఏరుకోమ్మా" అన్నారు. సోములమ్మ జవాబు పంపింది: "అదే సేత్తన్నాను బాబూ. మీ గింజ పుచ్చు."

అయితే ఆమెకు అన్నిటికన్నా ఒళ్లుమండే సంగతి ఇంకొకటి. జడ్జీల వరసలో ఆటగత్తె దేశం వాడు కూడా కూర్చుంటాడు. తన దేశపు పిల్లకు ఉదారంగా వేస్తాడు. డాలీ ఓపిగ్గా చెప్పేది, "అందరికన్నా ఎక్కువ వేసినదీ తక్కువ వేసినదీ తీసేసి సగటు కడతారక్కా, ఒక్కడి వల్ల ఏం కాదు." సోములమ్మ ఒప్పుకునేది కాదు. "ఆణ్ని కూకోబెట్టడమే తప్పు" అనేది. అలాంటి మార్కులకు సొంతూరి పది అని పేరు పెట్టింది. ఆ మాట గ్రూపులో పాకింది, ఊళ్లోనూ పాకింది. పెళ్లి భోజనంలో వడ్డించేవాడు బావమరిదికి రెండో మాంసం ముక్క వేస్తే, "ఓలమ్మా, సొంతూరి పది ఏసీసినాడు" అని నవ్వేవారు.

ఆ మాటే తిరిగి వచ్చి ఆమెకు తగిలింది.

లోయ ఉత్సవాల్లో ధింసా నాట్యం పోటీ పెట్టారు. అయిదు ఊళ్ల జట్లు. గెలిచిన జట్టు ఢిల్లీలో జరిగే పెద్ద సభలో ఆడుతుంది. అంతకుముందు ఏడాది జడ్జీలంతా మైదానం వాళ్లేనని పేపర్లో రాశారు. అందుకని ఉత్సవాలు నడిపే ఆఫీసరు గారికి ఈసారి ఒక స్థానిక మహిళ కావలసివచ్చింది. డాలీ సోములమ్మ పేరు చెప్పింది. ఆఫీసరు జీపు షెడ్డు దగ్గర ఆగింది.

"నాను కూకోకూడదండి," అంది సోములమ్మ వెంటనే. "మా ఊరు జట్టు ఆడతంది. ముందు నిలబడి నడిపించేది మా స్వర్ణే."

స్వర్ణ ఆమె కూతురు. పంతొమ్మిదేళ్లు. ధింసాలో ఆడవాళ్లు ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని గొలుసులా నిలబడతారు. గొలుసు కుడి కొసన నెమలీకల కట్ట పట్టుకుని అడుగు చూపించేది స్వర్ణ.

"పర్లేదమ్మా, అందరూ మనవాళ్లేగా. ఊరికే కూర్చో చాలు," అన్నాడు ఆఫీసరు.

ఊరికే కూర్చోవడం సోములమ్మకు రాదు. కాసేపు గింజలు నెట్టి, ఒక షరతు పెట్టింది. అందానికి మార్కులు వేయదు. అవి మిగతా ముగ్గురు జడ్జీలూ వేసుకోవాలి. తాను తప్పులు మాత్రమే చూస్తుంది. "నాను తరుగు రాత్తాను. అంతే." ఆఫీసరు తలూపాడు. తరుగంటే ఏమిటో ఆయన అడగలేదు. డాలీ మార్కుల కాగితం గీసింది: కళ, కళ, కళ, టెక్నికల్. నాలుగు గళ్లు.

సోములమ్మ పోటీకి కొంగులో కాఫీ గింజలు మూటగట్టుకుని వచ్చింది. ఒడిలో పోసుకుంది. ఎవరి పాదం తప్పినా ఒక గింజ ఎడమనుంచి కుడికి. గొలుసు తెగితే ఒక గింజ. వంగి లేచేటప్పుడు ఎవరైనా ముందే లేస్తే ఒక గింజ. కాగితం వెనక, వరసలో ఎన్నో మనిషి తప్పిందో గీతలు గీసుకుంది. పక్కన కూర్చున్న ముగ్గురు జడ్జీలూ పెద్దమనుషులు. ఎవరి మనసూ నొప్పించకూడదని అందరికీ ఎనిమిదో తొమ్మిదో వేస్తూ పోయారు. గిరిజన కళకు తక్కువ మార్కులేమిటని వాళ్ల ఉద్దేశం. వేసేది ఒకే అంకె అయితే ముగ్గురెందుకో, ఒక రబ్బరు ముద్ర చాలదా అన్నది వాళ్లకు తట్టలేదు.

లింబగుడ జట్టు టూరిస్టు రిసార్టులో వారానికి ఆరు రోజులు ఆడుతుంది. అందులో నాలుగో మనిషి ఫల్గుణ కోడలు. నున్నగా, గడియారంలా ఆడారు. కష్టమైనవి ఏవీ ముట్టుకోలేదు. నాలుగు గింజలు. పనసపుట్టు జట్టు, అంటే స్వర్ణ జట్టు, గొడ్డి బేట అనే కష్టమైన అడుగు ఎత్తుకుంది. వంగి వంగి ముందుకు పోయి, ఒక్క ఊపున లేచి, అదే వరసలో వెనక్కి రావాలి. వాళ్లు దాన్ని రెట్టింపు వేగంతో వేశారు. పద్దెనిమిది మంది ఆడవాళ్లు కొండవాలు మీంచి దొర్లే రాళ్లలా వచ్చారు. ఎదర కూర్చున్న డాలీ నోరు తెరుచుకుని ఉండిపోయింది. గొలుసు రెండు చోట్ల తెగింది. పాదాలు తప్పాయి. ఒడిలో గింజలు కుడివైపు పోగుపడ్డాయి. పంతొమ్మిది.

సోములమ్మ కాగితం మీద 19 అని రాసింది. 

కూడికలు చేసింది గుమాస్తా వరహాలరావు. అరగంటకు మైకులో చెప్పారు: ప్రథమ బహుమతి పనసపుట్టు. డప్పులు మోగాయి. సోంబరు గాల్లోకి ఎగిరాడు. స్వర్ణ నెమలీకల కట్టను నెత్తిమీద తిప్పుతూ పరిగెత్తింది. వేదిక మీద సోములమ్మ ఒక్కతే అయోమయంగా చూసింది. పంతొమ్మిది తరుగు పోయాక కూడా గెలవడమా? అందానికి అంత వేశారా? బోర్డు వైపు తిరిగింది. పనసపుట్టు, కళకు ఇరవై అయిదు, టెక్నికల్ పంతొమ్మిది, మొత్తం నలభై నాలుగు. లింబగుడ, కళకు అదే ఇరవై అయిదు, టెక్నికల్ నాలుగు, మొత్తం ఇరవై తొమ్మిది.

కలిపారు.

పదకొండేళ్లు సంచుల మీద రాసిన ప్రతి అంకె పోయేదే, వచ్చేది కాదు. సోములమ్మ చేతిలో అంకె అంటేనే కోత. దాన్ని కూడే మనిషి ఒకడు ఉంటాడని ఆమెకు కలలో కూడా తోచలేదు. ఆ కూడిక అయిదు జట్లలో ఎక్కువ తప్పులు చేసిన జట్టును గెలిపించింది.

అప్పటికే లింబగుడ వైపు నుంచి అరుపులు మొదలయ్యాయి.

"జడ్జమ్మ కూతురే కదేటి ముందున్నది!"

"సొంతూరి పది కాదర్రా, సొంతూరి పంతొమ్మిది!"

ఆ రెండో మాట ఫల్గుణది. జనం గొల్లున నవ్వారు.

సోములమ్మ వేదిక వెనక వరహాలరావును పట్టుకుంది.

"బాబూ, అది తరుగు. తీసీయాలి. కలపమని నీకు ఎవులు సెప్పినారు?"

"గడి ఉంది, గడిలో అంకె ఉంది, కలిపీసినాను. అంకెలున్నది కలపడానికే కదేటి?"

"తప్పులు లెక్కెట్టి రాసినాను నాను!"

"అయితే పక్కన మైనస్సు గీత ఎట్టాలమ్మా. నీ మనసులో గీత నాకెలా అవుపిస్తాది?"

డాలీ పరిగెత్తుకొచ్చి, గీత పెట్టడం తానే మర్చిపోయానని నెత్తి కొట్టుకుంది. లెక్కల టీచరు కూడా. ముగ్గురూ ఆఫీసరు దగ్గరికి వెళ్లారు. ఆయన అప్పటికి కప్పుతో, స్వర్ణ జట్టుతో ఫోటో దిగి, అది పైకి పంపించేశాడు.

"కలిపితే నలభై నాలుగండి, తీస్తే ఆరు," అంది సోములమ్మ. "మా ఊరు ఆఖరు. గెలిచింది లింబగుడ."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? పిల్లలు ఎంత సంతోషంగా ఉన్నారో చూడు. గెలుపోటములు కాదు ముఖ్యం. ఇవాళ గిరిజన కళ గెలిచింది."

"ఎవుల మీద గెలిసిందండి? అయిదు జట్లూ మావే."

ఆఫీసరుకు ఫోను వచ్చింది. లేదా, వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

తిట్లు ఆమెను అంత బాధపెట్టలేదు. తిట్టించుకోవడం గ్రూపులో అలవాటైంది. బాధపెట్టింది మర్నాడు షెడ్డులో దొరికిన ప్రేమ. తోటి ఆడవాళ్లు ఆమె కోసం పకోడీలు తెచ్చారు. సత్యకుమారి, ఆమె పక్కన ఎనిమిదేళ్లుగా కూర్చుని గింజలు ఏరే మనిషి, చెయ్యి నొక్కి చెప్పింది, "మంచి పని సేసినావు వదినా. మనోలికి మనం ఏసుకోకపోతే ఎవులేత్తారు?"

"నానెయ్యలేదే! అవి తప్పులు. పంతొమ్మిది తప్పులు!"

"ఆఁ, అలాగే సెప్పు. అదే మంచిది," అని సత్యకుమారి కన్నుకొట్టింది.

ఎంత చెప్తే అంత నవ్వారు. ఆమె దొంగపని చేసిందని అందరూ నమ్మారు, నమ్మి మెచ్చుకున్నారు. ఇంట్లో సోంబరు, "గెలిసిన కప్పుని కాదంటావేటే?" అని కసిరాడు. స్వర్ణ ఢిల్లీలో చలికి స్వెట్టరు ఎవరినడగాలా అని ఆలోచిస్తోంది. సోములమ్మ నిజం చెప్పబోతే కూతురు అడ్డుపడింది. "నువ్వు మా ఆట చూశావా, గింజలు చూశావా?" అంది.

మూడో రోజు ఫల్గుణ సంచి తెచ్చాడు. సోములమ్మ గింజలు పరిచింది, నెట్టింది. సుద్ద తీసుకుని ఏడు అని రాసింది. ఫల్గుణ అటు తిరిగి లేడు. బీడీ ముట్టించలేదు. గుడ్డ మీదికి వంగి ఆమె వేలినే చూస్తున్నాడు.

"ఇంకోపాలి లెక్కెట్టు," అన్నాడు.

షెడ్డులో చాటల చప్పుడు ఆగింది. సోములమ్మ మళ్లీ లెక్కపెట్టబోయింది. ఏ గింజ నెట్టిందో ఏది నెట్టలేదో తెలియలేదు. గుడ్డ నాలుగు కొసలూ ముడేసి ఆ మూటను సంచిలో పెట్టింది, పైన రాసిన ఏడు తుడిచేసింది. "రేపు రా," అంది.

ఆ సాయంత్రం ట్యాంకు మెట్ల దగ్గరికి వెళ్లి డాలీతో అంది, "ఆ మంచు ఆటలో పోటీ అయిపోనాక కాయితం ఎడతారు కదా. ఏ జడ్జి ఎంత ఏసినాడో, ఎక్కడ కోసినాడో, అంతా."

"పెడతారు. వరసగా, ఒక్కో గంతుకీ."

"మనమూ ఎడదాం."

"అక్కా, నీ కూతురి పేరు ఉంటుంది అందులో."

"ఉంటాదని తెలుసు. రాసింది నానే కదేటి."

డాలీ కాగితం వెనకనున్న గీతలన్నీ టైపు చేసింది. అయిదు జట్లు, వరసలో ఎన్నో మనిషి, ఏ తప్పు, ఎన్నిసార్లు. పైన పెద్ద అక్షరాల్లో: ఇవి మార్కులు కావు, తరుగు. ఊళ్ల గ్రూపులన్నిటికీ పంపించింది. సోములమ్మకు అదీ చాలలేదు. షెడ్డు తలుపు మీద సుద్దతో మొత్తం రాసింది. పనసపుట్టు కింద మొదటి వరస: స్వర్ణ, 6.

నిజం బయటపడితే అందరూ ఊపిరి పీల్చుకుంటారని మనకు బళ్లో చెప్పారు. ఎవరూ పీల్చుకోలేదు. పనసపుట్టులో ఆమెను ఊరిని అమ్మేసిన మనిషిగా చూశారు. సత్యకుమారి చాట ఎత్తుకుని అవతలి గోడ దగ్గరికి మారింది. లింబగుడ వాళ్లు సంతోషించాలి కదా, వాళ్లకింకా మంట. "నాలుగో మనిషి ఎడమ పాదం తప్పిందా? మా కోడలి పాదం మీద రాతలేటి?" అని ఫల్గుణ సంతలో రంకెలేశాడు. సున్నా తప్పులతో గెలవాల్సిన జట్టుకు నాలుగు అంటగట్టిందట. మంచు ఆట గ్రూపులో డాలీ ఈ కథంతా చెప్తే ఒకరు, కళను ఇలా ముక్కలు చేయడం బాధాకరం అని రాశారు. ఎర్రగౌను అమ్మాయి అభిమాని అయిన డాలీకి మొదటిసారి ఆ మాట మీద కోపమొచ్చింది.

వారానికి ఆఫీసరు పరిష్కారం కనిపెట్టాడు. అయిదు జట్లకూ సమాన ప్రథమ బహుమతి. ఢిల్లీకి ఒక్కో జట్టు నుంచి నలుగురు చొప్పున ఇరవై మంది. ఎన్నడూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని ఇరవై మంది ఒక గొలుసు. దానికి ఐక్యతా ధింసా అని పేరు కూడా పెట్టారు.

"అయిదు సంచులూ కలిపీసి ఒకే గ్రేడు," అంది సోములమ్మ. ఇక తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు అంది.

ఆ నలుగురిలో స్వర్ణ ఉంది. అయినా తల్లితో మాట్లాడలేదు. కంచం ముందు పెట్టేది, పక్కకు పోయేది. అలా ఎన్ని రోజులు నడిచేదో గానీ, ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులోకి విసురుగా వచ్చి, తలుపు మీది సుద్దరాత ముందు నిలబడింది.

"ఇది తప్పు."

"ఏటి తప్పు?"

"నా పేరు మీద ఆరు రాశావు. అయిదే."

"ఆరు. మూడుసార్లు పాదం తప్పినావు, ఒకసారి సెయ్యి ఒగ్గీసినావు, రెండుసార్లు ముందు లేసినావు."

"రెండోసారి నేను ముందు లేవలేదు. ఇదిగో." స్వర్ణ ఫోను తీసింది. జట్టులో ఎవరి తమ్ముడో తీసిన వీడియో. నాలుగో వంతు వేగంలో పెట్టింది. సోములమ్మ మంచు ఆటను చూసే వేగం అదే. ఎవరు నేర్పారో అడగనక్కర్లేదు. పద్దెనిమిది మంది వంగి ఉన్నారు. డప్పు మీద కర్ర పడింది. స్వర్ణ లేచింది. తర్వాత మిగతావాళ్లు లేచారు.

సోములమ్మ వెనక్కి జరిపింది. మళ్లీ చూసింది. ఇంకోసారి.

"నువ్వు డప్పుతోనే లేసినావు," అంది నెమ్మదిగా.

"మరి!"

"అయితే మిగతా పదిహేడు మందీ ఆలీసం. పదిహేడు తరుగు కలపనా?"

స్వర్ణ తడబడింది. "అలా కాదు... వాళ్లూ లెక్క ప్రకారమే లేచారు. డప్పే ఒక దెబ్బ ముందు పడింది."

ఇద్దరూ తెర వైపు చూశారు. మూలన డప్పు వాయిస్తూ, ఒళ్లు మరిచి, కళ్లు మూసుకుని ఊగిపోతున్నది సోంబరు.

"మీ నాయన," అంది సోములమ్మ.

"నాన్న," అంది స్వర్ణ. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఆయనకి వేస్తావా?"

"డప్పుకి గడి లేదు. ఉండుంటే పద్నాలుగు ఎయ్యనా?"

తలుపు దగ్గరికి వెళ్లి కొంగుతో ఆరు తుడిచింది. అయిదు రాసింది. కింద పంతొమ్మిది తుడిచి పద్దెనిమిది రాసింది.

"అయినా మీదే అందరికన్నా ఎక్కువ. ఆఖరే."

"తెలుసు. అయిదుతో ఆఖరు. ఆరుతో కాదు." స్వర్ణ ఫోను జేబులో పెట్టుకుంది. పోతూ పోతూ గుమ్మంలో తిరిగింది. "ఆ రెట్టింపు వేగం ఎలా ఉందో మాత్రం చెప్పలేదు నువ్వు."

సోములమ్మ సుద్ద చేతిలో తిప్పుకుంది. అందానికి మార్కులు వేయనని షరతు పెట్టింది తానే.

"అది టీచరమ్మనడుగు," అంది.

రేపు రమ్మన్నా ఇన్నాళ్లూ రాని ఫల్గుణ మర్నాడు వచ్చాడు, అదే సంచితో. వేరే షెడ్డుకు పోవాలంటే అద్దె జీపులో గంట ప్రయాణం. ఉన్న కోపమంతా ముఖాన పెట్టుకుని, తలుపు మీది తుడుపును చూశాడు.

"ఇది ఎవులు మార్సినారు?"

"నానే. తప్పు లెక్కెట్టాను."

"ఓహో. నువ్వూ తప్పు లెక్కెడతావన్నమాట."

"ఎట్టాను. అక్కడ ఒకటి."

"అయితే నా సంచి తప్పు కాదని ఏటి నమ్మకం?"

సోములమ్మ సంచిలోని మూట తీసి, ముడి విప్పి గుడ్డ పరిచింది. అవే రెండు గుప్పెళ్లు. ఫల్గుణ గొంతుకూర్చుని, మోకాళ్ల మీద చేతులు వేసుకుని, ఆమె వేలికి బెత్తెడు దూరంలో ముఖం పెట్టాడు. ఆమె నల్లవి నెట్టింది, విరిగినవి నెట్టింది. పురుగు తొలిచిన ఒక గింజను వేళ్ల మధ్య పట్టుకుని, రంధ్రం కనపడేలా ఆయన కంటి ముందు పెట్టి, అప్పుడు పక్కన వేసింది.

"లెక్కెట్టు. నువ్వే," అంది.

ఫల్గుణ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి వెనకనుంచి ముందుకు లెక్కపెట్టాడు.

"ఏడు," అన్నాడు, గొంతులో సగం కోపం, సగం నిరాశ.

"ఏడే."

"మరి రాసీ," అన్నాడు. లేచి నిలబడ్డాడు గానీ అటు తిరగలేదు. ఆమె సుద్ద ఎత్తి, సంచి మీద ఏడు పూర్తిగా రాసేదాకా చూస్తూనే ఉన్నాడు.

సోములమ్మ రాసింది. ఆగింది. అంకె ముందు ఒక చిన్న అడ్డగీత గీసింది.